రెండింతల స్పీడు డాక్టర్ సాబ్

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలమ్ముతాను. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి కనుక డాక్టరీ పుస్తకాల బరువు తప్ప వాటి గురించి నాకేమీ తెలియదు. నాంపల్లి హాస్టల్ నుంచి ఒక మెడికల్ స్టూడెంట్ డిటెక్టివ్ నవలల కోసం వచ్చేవాడు. ఒక చేత్తో నవలలు తిరగేస్తూనే, ఇంకో చేతిలోని ఫోన్లో ఆన్‌లైన్ పాఠాన్ని రెండింతల స్పీడులో పెట్టి వినేవాడు.

“మీ సారుకు బస్సు పోతదా ఏంది, గట్ల ఉరుకుతుండు?” అనేవాణ్ణి.

“మొదటి ఏడాది సబ్జెక్టులు గింతే అన్నా, ఫోన్లనే అయిపోతయి. అసలు డాక్టరీ వార్డుల మొదలైతది,” అని నవ్వేవాడు.

ఆ సబ్జెక్టుల్లో ఒకటైన అనాటమీ ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పితే జూనియర్లతో కూర్చోవాలి. ఆ రెండో పరీక్ష అయ్యాక వచ్చిన ఆదివారం, నవలలు ముట్టకుండా నా స్టూలు మీద కూలబడ్డాడు.

“మళ్ల పోయినట్టే అన్నా. తొడ బొక్క, గదే ఎముక, చేతిల పెట్టి, కుడి కాలుదా ఎడమ కాలుదా చెప్పమన్నరు. వీడియోల అయితే అదే తిరుగుకుంట కనపడుతది. చేతిల పెడితే ఎట్ల పట్టుకోవాల్నో తెల్వలే.”

“ఉన్నయే రెండు కాళ్లు కదరా, ఏదో ఒకటి చెప్పకపోయినవ్?”

“చెప్పిన. ఎట్ల చెప్తున్నవని అడిగిన్రు.”

ఇద్దరం నవ్వలేదు. అంతలో వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఆమె గొంతు నాకూ వినిపించింది.

“మోకాలు ఒకటే గుంజుతుంది బిడ్డా, ఏం గోలీ వేసుకోవాలె?”

వాడు తన మోకాలి మీద చెయ్యి వేసుకుని కాసేపు తడుముకున్నాడు.

“ఎవరన్న డాక్టర్‌కు చూపియ్యమ్మా,” అన్నాడు.