సీసాల నేల మీద కర్రావు

జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగినంతసేపూ సీసాలు రాలుతూనే ఉంటాయి. తాగినవాళ్లు తాగి విసిరేస్తారు, అవి మా మేత బీడులో పడి పగులుతాయి. ఒకసారి మా నల్లటి కర్రావు గిట్టల సందులో పెంకు దిగి, కాలు వాచి, పాపం ఎండాకాలమంతా కుంటింది. అప్పటినుంచి మా అత్తకు సీసా పెంకంటే పగ. ఆవుల్ని తోలే ముందు బీడంతా వంగి వెతికి, దొరికిన పెంకులన్నీ గోనెసంచిలో వేసుకొచ్చి పెరటి గుంతలో పారబోస్తుంది. అంచెట్టి అడవిలో పుట్టిన మనిషి, ఏనుగుకు భయపడదు గానీ పెంకుకు భయపడుతుంది.

నేను హోసూరు దారిలో ఒక మొజాయిక్ టైల్స్ షెడ్డులో పనిచేస్తాను. సిమెంటులో రంగురాళ్ల చిప్స్ కలిపి పోసి, గట్టిపడ్డాక మిషనుతో అరగదీస్తే లోపలి రంగులు బయటపడతాయి. ఒకరోజు చిప్స్ అయిపోయాయి, లోడు రాలేదు. మా మేస్త్రి తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు మా పెరటి గుంత గుర్తొచ్చింది. అంతవరకు సీసా పెంకులకు నాకు తెలిసిన ఉపయోగం ఒక్కటే, దొంగలు ఎక్కకుండా కాంపౌండు గోడ మీద పాతడం.

మరునాడు ఒక సంచి పెంకులు మోసుకుపోయాను. కడిగి, ఇసుకా నీళ్లూ చేర్చి సిమెంటు మిక్సరులో గంటలకొద్దీ తిప్పాం. తీసి చూస్తే అంచులు మొద్దుబారి కలకండ పలుకుల్లా ఉన్నాయి! వాటితో పోసిన మొదటి టైలును నేనే అరగదీశాను. బూడిదరంగు బురద కడిగేయగానే పచ్చవి, గోధుమరంగువి, తెల్లవి ఒక్కసారిగా మెరిశాయి. నేను పెట్టిన కేకకు మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందమ్మా? యేలు తెగిందా?"

"యేలు గాదప్పా, చూడు ఈడ! సారాయి సీసాలో ఇంత అందం ఉందని ఎవురికి తెలుసు?"

ఆ తర్వాత నన్ను పట్టడం ఎవరి తరం కాలేదు. బస్సులో కూర్చున్నా కళ్లు రోడ్డు పక్కన సీసాలనే వెతికేవి. కిటికీ దిమ్మె, వంటగట్టు, తులసికోట, అన్నీ సీసాలతోనే చేయొచ్చనిపించేది. ఇంక చాలు, మానేస్తానని ఒకరోజు నేనే అన్నాను. ఆ సాయంత్రమే సంచెడు సోడా సీసాలతో ఇల్లు చేరాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అని నా మొగుడు పడీపడీ నవ్వాడు.

అప్పుడే మేము పాత ఇంటి పక్కన కొత్త ఇల్లు కడుతున్నాం. గోడలు లేచాయి, నేల మిగిలింది. దాన్ని సీసాలతోనే పోస్తానన్నాను. అత్త అగ్గి మీద గుగ్గిలమైంది.

"బీడులో ఏరి పారేసినదాన్ని ఇంట్లో పరుస్తావా? కర్రావు పడిన బాధ మరిసిపోయినావా?"

"నున్నగా అరగదీస్తాం అత్తా. గుచ్చుకోదు."

"నీ మాట నాకొద్దు. గృహప్రవేశం దినం కర్రావు ముందు పోవల్ల. అది కాలు పెట్టినాకే నేను పెడతా. అది పెట్టలేదంటే నేను పాత ఇంట్లోనే ఉండిపోతా."

అన్నదంటే అన్నదే. కొత్త ఇంట్లోకి ఆవూ దూడా ముందు నడిచి, మనుషులు తర్వాత వెళ్లడం మా ఆచారం. అత్త రాకపోతే కోడలే వెళ్లగొట్టిందని ఊరు ఆడిపోసుకుంటుంది. అది అలా ఉంచితే, ఆమె లేని ఇల్లు నాకూ వద్దు. రోజూ పోట్లాడుకోవడానికైనా ఆమె ఉండాలి.

అందుకే పంతం పట్టి పని చేశాను. ముందు గరుకు రాయి, తర్వాత నున్నటి రాయి, ఆపైన మైనం. "చాలమ్మా, ఇంక రుద్దొద్దు" అని మేస్త్రి చెబుతున్నా వినలేదు. ముఖం కనబడేదాకా రుద్దాను. నా ఆనందానికి అంతులేదు.

గృహప్రవేశం పొద్దున కర్రావు పసుపు కుంకుమలతో, చామంతి దండతో దూడను వెంటేసుకుని వచ్చింది. గడప దగ్గర ఆగి, తళతళలాడే నేలను వాసన చూసి, ముందు కాలు పెట్టింది. గిట్ట జర్రున జారింది. బెదిరి వెనక్కి దూకింది. బెల్లం చూపించినా, అదిలించినా ఇంక కదలలేదు. అత్త వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత మెరుపు ఎవరు పెట్టమన్నారు నన్ను!

పుట్టినప్పటినుంచి దానికి తెలిసింది పేడతో అలికిన నేలే కదా అని తోచింది. కొట్టంలోకి పరుగెత్తి బకెట్టుతో పేడ తెచ్చాను. పట్టుచీర కుచ్చిళ్లు దోపి, గడప బయట కూర్చుని, చేయి చాపి నా మెరుపు మీద నేనే పేడ పూయడం మొదలుపెట్టాను. మనసు చివుక్కుమంది, అయినా పూశాను.

"అయ్యో, అట్లా గాదమ్మా!" అని అత్త వచ్చి బకెట్టు లాక్కుంది. "అలికేది లోపలి గోడ నుంచి గడప దిక్కు రావల్ల. ఎన్ని తూర్లు చెప్పల్ల నీకు?"

చెబుతూనే విసవిసా లోపలికి పోయి, ఆ గోడ దగ్గర గొంతుక్కూర్చుని అలకసాగింది. నేనూ వెనకే వెళ్లి చూశాను. ఆమె అరచెయ్యి పచ్చ పెంకుల మీద, తెల్ల పెంకుల మీద ఒత్తి ఒత్తి తిరుగుతోంది. కాసేపటికి చెయ్యి తిప్పి చూసుకుంది.

"యాడా గీరుకోలేదే!" అంది తనలో తానే.

ఆమె గది నడిమికి వచ్చేసరికి నేనిక ఆగలేకపోయాను.

"అత్తా, కర్రావు ఇంకా వాకిట్లోనే ఉంది."

ఆమె చెయ్యి ఆగింది. ముందు తన కాళ్లకేసి చూసుకుంది. తర్వాత గడప అవతల నిలబడిన ఆవుకేసి చూసింది.

"అది నిదానంగా వస్తుందిలే" అంది. "నువ్వు ఆ మూల అలుకు."