అత్తమ్మ పెట్టిన పథ్యం

నర్సంపేట రోడ్డు మీద బండి జారి మా ఆయన తలకు దెబ్బ తగిలింది. ఆపరేషన్ అయ్యాక దవాఖానలో తిండి సంగతి చూసే మేడమ్ నాకు కాగితం రాసిచ్చింది: రోజూ రెండు గుడ్లు, ముద్దపప్పు, వీలైతే చేప, అన్నీ మెత్తగా మెదిపి పెట్టాలి. "ఇంత బక్కగైతే మెదడు ఎట్ల కోలుకుంటదమ్మా? నడవాలంటే ముందు బలం రావాలె," అంది.

మా అత్తమ్మకు ఆ కాగితం పూచికపుల్లతో సమానం. "గాయం మీద పప్పు, గుడ్డు పెడ్తె చీము పడ్తది బిడ్డా. పథ్యం తప్పొద్దు," అని మిరియాల చారన్నం ముందుకు తోసేది. కుట్లు తీసి నెల దాటింది! అయినా అదే పాట.

నేను పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టి, పప్పు వండి, గిన్నెల్లో సర్ది, అత్తమ్మకు అప్పజెప్పి వరంగల్ బజారులో బట్టల దుకాణానికి పనికి పోయేదాన్ని. సాయంత్రానికి గిన్నెలు ఖాళీ. "తిన్నడా?" అంటే "మొత్తం తిన్నడు" అనేది. మా ఆయనకేమో అప్పటికి ఒకటీ అరా మాటలే. బరువు మాత్రం వారం వారం తగ్గుతోంది. లేపి నిలబెడితే కాళ్లు వణికేవి. దవాఖానకు తీసుకుపోతే మేడమ్ నన్నే కోప్పడింది. తల కొట్టేసినట్టయింది.

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. అత్తమ్మ గేటు దగ్గర వీధికుక్కకు పప్పన్నం, గుడ్డు పెడుతోంది. కుక్క నున్నగా బలిసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ కొడుకును ఎండబెట్టి కుక్కను సాదుతున్నవా అత్తమ్మా? ఆయన లేచి నడవద్దా?" గల్లీ అంతా వినేలా అరిచాను.

ఆమె అక్కడే కూలబడింది. "మీ మామ కాలుకు గొడ్డలి తాకిననాడు అందరు వద్దన్నరు. ఆకలైతాంది అంటె నేనే పప్పు పెట్టిన. చీము పట్టింది. పది రోజులల్ల పోయిండు. ఈ చేతులతోనె పెట్టిన బిడ్డా."

ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట నాకెవరూ చెప్పలేదు. గాయం కడిగి సూది వేయించే దిక్కులేక పోయిన ప్రాణానికి, ఈమె పప్పును తిట్టుకుంటూ బతికింది. కానీ నా కోపం పోలేదు. నెల రోజుల బలం కుక్కపాలయింది, ఎవరిని అడగాలి?

లోపలికి వెళ్లి ఇంకో గుడ్డు ఉడకబెట్టి అన్నంలో మెదిపాను. అత్తమ్మ గడప దాటలేదు. "నువ్వే పెట్టు. నేను చూడ," అంది.

మా ఆయన గిన్నె ఖాళీ చేశాడు. గడప వైపు తిరిగి, కష్టపడి, "అమ్మా... ఇంకోటి," అన్నాడు.

అత్తమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది.