ఎదురు కొట్టు ఉప్పు కాఫీ

న్యాన్ చేతి గుడ్డు కాఫీ తాగితే చచ్చినవాడైనా లేచి కూర్చుంటాడని హనోయి అంతా చెప్పుకుంటుంది. సరే, చచ్చినవాడు కాదు, కునికేవాడు. హనోయి అంతా కాదు, ఆ సందు. పచ్చసొన నురగ వచ్చేలా గిలక్కొడుతూ, ఎదురు కొట్టు ఉప్పు కాఫీని "సముద్రంలో చెంబు ముంచి ఇస్తున్నారు" అని ఆమె రోజూ ఈసడించేది. ఊళ్ళోని కాఫీ కొట్లన్నీ చూడాలని సైగాన్ నుంచి వచ్చిన చెల్లెలి కూతురు ఖ్వే, ఒక ఉదయం ఆ ఎదురు కొట్టుకే వెళ్ళింది. అక్కడ మూల పీట మీద, ఎండ ముసుగు గడ్డం కిందికి లాగి, కళ్ళు మూసుకుని, కప్పు అడుగు చెంచాతో గీకుతూ న్యాన్ కనిపించింది.

"పెద్దమ్మా, ఇంకోటి చెప్పనా?"

"చెప్పక్కర్లేదులే, ఆవిడ రోజూ రెండు తాగుతుంది," అన్నాడు కొట్టతను.

న్యాన్ చెవులు కందిపోయాయి. తలెత్తలేక ముసుగు కళ్ళ దాకా లాక్కుంది.

"ఎవరమ్మా నువ్వు? మీ పెద్దమ్మ ఈ గడప తొక్కే మనిషి కాదు."