తలుపు మీద పేరు

శనివారం పొద్దున్నే నేనూ దులారీ దీదీ న్యూయార్క్‌లో మా పేటలోని లిబర్టీ అవెన్యూలో రొట్టెల దుకాణానికి వెళ్లాం. కౌంటర్ వెనక దుకాణం నడిపే బేబీ వేడి వేడి ఫులౌరీ బజ్జీలు పొట్లం కడుతోంది. దీదీని చూడగానే చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చేసింది.

"ఏం దీదీ, పది టిప్పర్లు కొన్నావట! మిఠాయి సంగతి అలా ఉంచు, మాట మాత్రంగానైనా చెప్పకూడదా?"

"ఎవరు చెప్పారే నీకు?"

"ఒకళ్లు చెప్పేదేంటి, నిన్న సాయంత్రం నా కళ్లతో నేనే చూశా. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద వరసగా పోతున్నాయి, అన్నిటి తలుపుల మీదా నీ పేరే. మా ఆయన్ని పిలిచి మరీ చూపించా. చూడవయ్యా, ఆడది ఎలా పైకొచ్చిందో, నువ్వూ ఉన్నావు ఎందుకూ అని."

దుకాణంలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. దీదీ కూడా నవ్వింది. డబ్బులిచ్చి, పొట్లం తీసుకుని, వీధి మలుపు తిరిగేదాకా ఆ నవ్వు మొహం మీద అలాగే ఉంచుకుంది. మలుపు తిరిగాక పొట్లం నా చేతిలో పెట్టి, "ఓమా, మనకున్నవి రెండే కదే?" అంది, తనకే అనుమానం వచ్చినట్టు.

రెండే. ఒకటి తను నడుపుతుంది, రెండోది నేను నడుపుతాను. ఆ రెండింటి మీదా దీదీ రవాణా కంపెనీ పేరు, 'మంగ్రూ హాలేజ్' అని మా వీధి పెయింటరు రాసిన అక్షరాలుంటాయి.

దులారీ మంగ్రూ గయానాలో బెర్బీస్ నది పక్కన, చెరకు కొట్టుకుని బతికే ఇంట్లో పుట్టింది. పంతొమ్మిదో ఏట చైత్‌రామ్‌ని కట్టుకుని న్యూయార్క్ వచ్చి, ఎయిర్‌పోర్టుకి ఆనుకుని ఉన్న మా పేటలో కాపురం పెట్టింది. విమానాల్లో పెట్టే భోజనాల ట్రేలు సర్దే వంటశాలలో చాలా ఏళ్లు పని చేసింది. చైత్‌రామ్ సొంత టిప్పర్ తోలేవాడు. ఒక చలికాలం మంచు పట్టిన మెట్టు మీద కాలు జారి పడ్డాడు, నడుము పోయింది. బండి అమ్మేసి ఆ డబ్బు దాచుకోమని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. సలహాకి ఖర్చేముంది! ఈవిడ ఎవరికీ చెప్పకుండా వెళ్లి పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుంది. మొదటిసారి ఇసుక యార్డులోకి బండి తీసుకెళ్లినప్పుడు ఒకడు "వంటిల్లు అటమ్మా!" అని అరిచాడట. ఈవిడ అద్దం దించి, "అక్కణ్నుంచే వస్తున్నా, నీ కూడు చల్లారిపోతోంది, పో!" అందట. ఈ మాట నాకు చైత్‌రామ్ చెప్పాడు, ఇప్పటికీ చెప్పి నవ్వుకుంటాడు.

తర్వాత రెండో బండి కొంది, నన్ను పనిలో పెట్టుకుంది. ఆడదాని సొంత వ్యాపారం అని సర్టిఫికెట్ కోసం రెండేళ్లు తిరిగింది. అది చేతికి వచ్చిన కొన్నాళ్లకే ఎయిర్‌పోర్టులో పాత టెర్మినల్ పడగొట్టి కొత్తది కట్టడం మొదలైంది. అంత పెద్ద పనిలో కొంత వాటా ఆడవాళ్ల కంపెనీలకీ, నల్లవాళ్లూ మాలాంటి వలసవాళ్లూ పెట్టుకున్న కంపెనీలకీ ఇవ్వాలని నియమం. పడగొట్టే పని తీసుకున్న పెద్ద కంపెనీ కాంక్రీటు పెళ్లలు బయటికి మోసే పని దీదీకి ఇచ్చింది. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఆ గేటు దగ్గరికి కూడా మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. అది పోతే బండ్లు రెండూ ఇంటి ముందు తుప్పు పట్టాల్సిందే.

సోమవారం పొద్దున్న మా పని మొదలు కాకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాం. వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి ఎనిమిది టిప్పర్లు, అన్నీ పెద్ద కంపెనీవే. వాటి ఆకుపచ్చ రంగు చూస్తే ఎవరైనా గుర్తుపడతారు. తలుపుల మీద ఉండే కంపెనీ పేరు మాత్రం కనపడటం లేదు. దాని మీద అయస్కాంతపు పలక అంటించారు. 'మంగ్రూ హాలేజ్, సౌత్ ఓజోన్ పార్క్', మా పేట పేరుతో సహా. అక్షరాలు కూడా మా పెయింటరు రాసినట్టే ఉన్నాయి. ఫోటో తీసి అచ్చు వేయించినట్టున్నారు, సిగ్గులేని వెధవలు.

దీదీ తిన్నగా కార్మొడీ దగ్గరికి వెళ్లింది. అతను సైటు మేనేజరు. ఎర్రటి మొహం, ఎప్పుడూ ఇంత నవ్వు, ఎవరినైనా పేరు పెట్టి పిలిచే మనిషి. నేను కంటైనర్ ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఆ పలకలేంటి?" అంది దీదీ.

"ఓ, చూశావా! బాగా వచ్చాయి కదూ? కూర్చో దులారీ. నీలాంటి కంపెనీవి మేం పది బండ్లు చూపించాలి, నీకు రెండే ఉన్నాయి. ఎవరికీ నష్టం లేదు. నీ వాటా నెలనెలా ఇంటికొస్తుంది. కష్టం లేని డబ్బు."

"ఎనిమిది బండ్లు కావాలంటే నేను అద్దెకి తెస్తాను. డ్రైవర్లని నేను చూసుకుంటాను. నాకు చెప్పు, వారంలో తెస్తా."

కార్మొడీ నవ్వాడు. దుర్మార్గంగా కూడా కాదు, చిన్నపిల్ల ఏదో ముద్దుగా అన్నట్టు నవ్వాడు. "నీకెందుకమ్మా అంత తలనొప్పి? గురువారం సర్టిఫికెట్ ఆఫీసు నుంచి తనిఖీకి ఒకావిడ వస్తుంది. నువ్వు మంచి కోటు వేసుకొచ్చి బండ్ల పక్కన నిలబడి నవ్వు. అంతే నీ పని."

"నవ్వకపోతే?"

కార్మొడీ గొంతు ఏమాత్రం పెంచలేదు. "ఆ పలకల మీద నా పేరు లేదు దులారీ. నీదుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. అతని టేబుల్ మీదున్న కాఫీ అతని నెత్తిన పోసేదాన్నే. దీదీ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

సాయంత్రం వాళ్ల వంటింట్లో పెద్ద గొడవ అయింది. ఆ సర్టిఫికెట్ ఆఫీసుకి ఇప్పుడే ఫోన్ చెయ్యమన్నాను నేను. చైత్‌రామ్ కుర్చీలో దిండు సర్దుకుంటూ, "నువ్వు నోరు మూసుకో ఓమా, పోయేది నీ సర్టిఫికెట్టా?" అన్నాడు. "ఫోన్ చేస్తే ఆ బోర్డుల మీద పేరెవరిదని అడుగుతారు. ఈవిడదని చెప్తారు. కంపెనీవాళ్లకి పదిమంది లాయర్లున్నారు, మనకెవరున్నారు?"

"అయితే నవ్వమంటావా భయ్యా, వాడి పక్కన నిలబడి?"

"ఒక్కరోజు నవ్వితే ఏం పోయింది? నేను మాత్రం సంతోషంగా చెప్తున్నానా?" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి నేను ఊరుకున్నాను. ఇల్లు నడవాలని అతని బాధ. నాకు అతని మీద కోపం రాలేదు, కోపం రానందుకు ఇంకా కోపం వచ్చింది.

దీదీ పప్పు కలుపుతూ మా ఇద్దరి మాటలూ విని, "చెప్తే పోతుంది, చెప్పకపోతే ఎప్పుడో ఒకరోజు దొరికిపోయి పోతుంది," అంది. "తిండి తినండి ముందు." మంగళవారం, బుధవారం మామూలుగా వచ్చి బండి నడిపింది. ఆ ఎనిమిది బండ్లూ పక్కనించి వెళ్తుంటే తల తిప్పి చూడను కూడా లేదు. నవ్వడానికే సిద్ధపడిందనుకున్నాను. చెప్పొద్దూ, నాకు ఆవిడంటే అసహ్యం వేసింది ఆ రెండు రోజులూ.

గురువారం సముద్రం మీంచి గాలి కోసేస్తోంది. పది టిప్పర్లనీ వరసగా నిలబెట్టారు, ఇంజన్లు ఆన్‌లోనే ఉన్నాయి. సగం కూలిన పాత టెర్మినల్ ముందు ప్రొక్లెయినర్ లోడు చెయ్యడానికి తయారుగా ఉంది. తనిఖీకి వచ్చినావిడ పేరు ప్రూయిట్. పొట్టిగా, నల్లగా, హెల్మెట్ కింద తెల్ల జుట్టుతో ఉంది. ఆవిడ వెనక కెమెరా పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. దీదీ నిజంగానే మంచి కోటు వేసుకొచ్చింది. కార్మొడీ దీదీ భుజం మీద చెయ్యి వేసి, "మా దులారీ! ఈ పేటకే గర్వకారణం," అన్నాడు.

"మిసెస్ మంగ్రూ, ఈ బండ్లన్నీ మీవేనా?" అని అడిగింది ప్రూయిట్.

అవునంటే దొంగ. కాదంటే గేటు బయటికి.

"రండి, చూపిస్తాను," అంది దీదీ.

మూడో బండి దగ్గరికి నడిచింది. డ్రైవరు ఎఫ్రైన్, ఈక్వడార్ మనిషి, పాపం మంచివాడు. దీదీ మెట్టెక్కి, "ఇంజన్ ఆపు. తాళం ఇలా ఇవ్వు," అంది. ఎఫ్రైన్ బిత్తరపోయి కార్మొడీ వైపు చూశాడు.

"అటు కాదు నాయనా, ఇటు చూడు. తలుపు మీద పేరెవరిది?"

కార్మొడీ ఒక్క క్షణం ఆలోచించి, ఇచ్చెయ్ అన్నట్టు తలూపాడు. ఎఫ్రైన్ తాళం ఇచ్చి దిగాడు. దీదీ నాలుగో బండి దగ్గరికి వెళ్లింది, తర్వాత ఐదో బండి దగ్గరికి. ఒక్కొక్క ఇంజనే ఆగిపోతుంటే సైటంతా నిశ్శబ్దం కమ్ముకొచ్చింది. పడగొట్టేవాళ్లు పని ఆపి చూస్తున్నారు. కార్మొడీ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "చాలు దులారీ, ఆవిడకి అర్థమైంది," అన్నాడు. దీదీకి వినపడలేదు, లేదా వినపడనట్టు నటించింది. ఎనిమిది తాళాలూ రెండు చేతుల్లో పట్టుకుని తిరిగొచ్చింది.

"ఓమా!" అని పిలిచింది గట్టిగా. "ఇవి ఈరోజు ఇక్కడ పని చెయ్యవు. అన్నీ మన ఇంటికి వెళ్తాయి. ముందుగా ఇది తియ్యి." ఒక తాళం నా మీదికి విసిరింది.

నాకు అప్పుడు అర్థమైంది. పరుగెత్తుకెళ్లి ఎఫ్రైన్ బండెక్కి కూర్చున్నాను. ఇంజన్ స్టార్ట్ చేసి, గేటు వైపు స్టీరింగు తిప్పాను. జన్మలో అంత ఇష్టంగా బండి తీసింది లేదు. కార్మొడీ మొహంలో నవ్వు కాస్త కాస్తగా చెదిరిపోయింది. ప్రూయిట్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, బండి కదిలింది.

"ఆపు! ఏయ్, ఆపవే!" అని అరుస్తూ బండికి అడ్డంగా వచ్చాడు. "అది మా కంపెనీ బండి! అన్నీ మా కంపెనీవే!"

బ్రేకు వేశాను. కెమెరా అతను ఫోటోలు తీస్తూనే ఉన్నాడు.

ప్రూయిట్ కార్మొడీని ఏమీ అడగలేదు. దీదీనే అడిగింది. "మీకు ఇది ఎప్పట్నుంచి తెలుసు?"

"సోమవారం నుంచి."

"సోమవారమే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డానమ్మా," అంది దీదీ. "ఇప్పుడు కూడా భయంగానే ఉంది."

ప్రూయిట్ మెల్లగా, విచారణ పూర్తయ్యేదాకా మీ సర్టిఫికెట్ కూడా ఆపెయ్యాల్సి వస్తుందని చెప్పింది. నేను బండి మీంచి దూకి, నిజం బయటపెట్టినందుకు ఇదా మర్యాద అని నోటికొచ్చినట్టు అరిచాను. "పేరు ఆవిడదమ్మా, నేనేం చెయ్యను," అంది ప్రూయిట్. ఆ మాట అనడం ఆవిడకీ ఇష్టం లేదని మొహం చూస్తే తెలుస్తోంది.

విచారణ ఎండాకాలం దాకా నడిచింది. చివరికి సర్టిఫికెట్ నిలబడింది, కార్మొడీ ఉద్యోగం నిలబడలేదు. కానీ ఆ లోపు దీదీ నేను నడిపే బండి అమ్ముకోవాల్సి వచ్చింది. నేను నాలుగు నెలలు వేరేవాళ్ల దగ్గర తోలాను. బేబీ దుకాణంలో, దులారీ పది బండ్లు ఒక్క రోజులో పోగొట్టుకుందట అని కూడా చెప్పుకున్నారు. ఇదంతా తర్వాతి సంగతి.

ఆ గురువారం దీదీ తాళాలన్నీ డ్రైవర్లకి ఒక్కొక్కరికే తిరిగి ఇచ్చింది. ఎఫ్రైన్‌కి ఇచ్చేటప్పుడు, "తప్పుగా అనుకోకు నాయనా," అంది. మా రెండు బండ్లూ ఖాళీగా గేటు దాటాయి. ఎయిర్‌పోర్టు కంచె దాటిన కాసేపటికి ముందున్న దీదీ బండిని రోడ్డు పక్కకి తీసి ఆపింది. నేను కూడా ఆపి పరుగెత్తుకెళ్లాను. స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకు తెలిసి ఆవిడ ఏడవడం అదే మొదటిసారి.

"సర్టిఫికెట్ వస్తుందిలే దీదీ, నువ్వు తప్పు చెయ్యలేదు," అన్నాను ఏం చెప్పాలో తెలీక.

"దాని గురించి కాదే పిచ్చిదానా." కళ్లు తుడుచుకుంది. కోపంగా ఉంది. అంత కోపం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. "ఎనిమిది తాళాలూ నా చేతిలో ఉన్నాయా, ఒక్కొక్కళ్లకీ ఎక్కడికెళ్లాలో, ఎవరు ముందో, ఎవరు వెనకో అప్పటికప్పుడే అన్నీ తోచేశాయి నాకు. నేను నడపగలనే ఓమా. పదీ నడపగలను. వాడు దొంగతనం చెయ్యక్కర్లేదు, ఆ పని నాకిస్తే సరిపోయేది."