అరుగు మీది గాలి కరెంటు

అక్క చేయి కాలిందని కబురు వచ్చిన మరునాడే ప్రయాణమయ్యాను. ఆలూరుకు ఆవల ఒక పల్లెలో అక్కను ఇచ్చారు. ఆ చుట్టుపక్కల ఎక్కడా కరెంటు లేదు గాని, మా బావ మిద్దె మీద గాలిచక్రం నిలబెట్టి సొంతంగా కరెంటు పుట్టిస్తున్నాడు. అటువంటి ఇంట్లో చీకట్లో గంజి వంచుతూ చేయి కాల్చుకోవడమేమిటో అమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

కడపలో పొద్దున బండికి నాయన నన్ను ఆడవాళ్ల పెట్టెలో ఎక్కించాడు. ఎర్రగుంట్ల దాటేసరికి ఆషాఢపు గాలి నల్లరేగడి దుమ్మును తెచ్చి ఒళ్లో పోసింది. తాడిపత్రిలో ఎక్కిన పెద్దామె సద్దిమూట విప్పి నాకు సగం రొట్టె ఇచ్చి, ఎక్కడికని అడిగింది. చెప్పాను. "మీ యక్క చేయి బాగయ్యేలోగా నీ చేయి కాల్చుకోవాకు పాపా" అంది.

మధ్యాహ్నం దాటాక గుంతకల్లులో దిగితే బావ వచ్చి ఉన్నాడు. ఆలూరు బస్సులో ముందు వరుసన కూర్చున్నాము. ఆ దారిన వెళ్లేవాళ్లు వెనక కూర్చోవడం మేలు. ముందు ఇంజను వేడి భరించలేము. దారి పొడుగునా బావ చక్రం సంగతే చెప్పాడు. రెక్కలు ఊరి వడ్రంగితో చెక్కించాడట. లారీ డైనమో పాత ఇనుము అంగట్లో కొన్నాడట. గాలికి చక్రం తిరిగితే బ్యాటరీ నిండుతుంది, దానితో ఒక బల్బు వెలుగుతుంది. వింటుంటే నిజంగానే గొప్పగా అనిపించింది. అక్క చేయి ఎలా ఉందని అడిగితే, "మానుతాంది" అని మళ్లీ చక్రం దగ్గరికి వచ్చాడు.

ఆలూరులో బండి కట్టించుకుని దీపాలవేళకు పల్లె చేరాము. వీధి మొగలోంచే వెలుగు కనిపించింది. బల్బు అరుగు మీద వేలాడుతోంది. దాని కింద పదిమంది మగవాళ్లు పేకాడుతున్నారు. వాళ్లను దాటుకుని లోపలికి పోతే, వంటింట్లో కిరసనాయిలు బుడ్డి. పొగలో అక్క ఎడమచేత్తో సంగటి గెలుకుతోంది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. దీపం చూడటానికి పొరుగూళ్ల నుంచి వచ్చేవాళ్లకు సంగటి పెడితే మర్యాద కాదట, వరి అన్నమే వండాలట. సంగటికి గంజి వంచే పని లేదు. వరికి ఉంది. "దీపం చూడనొచ్చినోళ్లకే వండుతాంటి" అని అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గాలి మరీ ఎక్కువైతే మిద్దె ఎక్కి తాడు లాగి చక్రాన్ని నిలపడం కూడా అక్క పనే. "గాలి లేసింది సూడమ్మా" అని అరుగు మీద నుంచి కేక వేసి, వాళ్లు ముక్కలు పంచుకుంటారు.

తలుపు చాటున నిలబడి, బల్బు వంటింట్లో పెట్టకూడదా అని బావను అడిగాను. ఆయన కోపపడలేదు. "ఉండేది ఒకటే గద పాపా. లోపల పెడితే ఎవరికి తెలుస్తాది?" అన్నాడు. అక్క అత్తగారు మాత్రం, నూనె లేని దీపం పొయ్యి దగ్గర పెడితే లక్ష్మి నిలవదని కసిరింది. అరుగు మీద నిలుస్తుందా అని అడగాలనుకున్నాను. అడగకుండా నా దినచర్య పుస్తకంలో రాసుకుని ఊరుకున్నాను.

కొన్నాళ్లకు ఒకనాటి మునిమాపున పత్తికొండ వైపు నుంచి దీపం చూసేవాళ్లు వచ్చారు. వరి అన్నం వండమని బావ కబురు పంపాడు. పెరట్లోని మూడు రాళ్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి అరుగు మీద, సరిగ్గా బల్బు కింద పెట్టాను. కందికట్టె ముట్టించి ఎసరు పెట్టాను. పొగ లేచింది. పేకముక్కలు ఆగిపోయాయి.

"ఇదేం పనమ్మా, అరుగు మీద పొయ్యేంది?" అన్నాడు ఒక పెద్దాయన దగ్గుతూ.

నేను ఇంకో కట్టె లోపలికి తోశాను. వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. "యెలుతురు లోపలికి రాకపాయ. మేమే బయటికొస్తిమి పెద్దాయప్పా. గంజి వంచేటప్పుడు కండ్లు కనపడల్ల గదా."

ఆ వెలుగులో గంజి ఆఖరి చుక్కదాకా వంచాను. వచ్చినవాళ్లు కండ్లు తుడుచుకుంటూ తిన్నారు. బావ తినలేదు.

మరునాడు పొద్దున్నే ఆయన మిద్దె ఎక్కి, వంటింటి కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచిలోంచి తీగ దింపాడు. పొయ్యికి పైన బల్బు వేలాడింది. అత్తగారు పక్కన నూనె దీపం కూడా పెట్టి లక్ష్మిని సమాధానపరచుకుంది. తాడు లాగే పని మాత్రం అక్కదే. దాన్ని గురించి ఎవరూ మాటెత్తలేదు.

అక్క చేయి మానాక బావ నన్ను గుంతకల్లు దాకా దింపడానికి వచ్చాడు. బస్సులో ఎదురుగా కూర్చున్నాయన పలకరించాడు. "ఏమప్పా, మీ చక్రం చెడిపాయనంట? అరుగు మీద చీకటుండాదని అంటాండారు."

బావ కిటికీలోంచి బయటికి చూశాడు. పరాయి మగవాళ్లతో నేను ఎన్నడూ మాట్లాడినదాన్ని కాదు.

"చెడిపోలేదు. వంటింట్లో వెలుగుతాంది" అన్నాను.

"వంటింట్లోనా? ఆడ ఎవరు చూస్తారమ్మా?"

"వండేవాళ్లు."

ఆయన నవ్వాడు. బావ నవ్వలేదు, కాదనలేదు.

రైల్లో కడప దాకా నా కోపం చల్లారలేదు. మా బావ చెడ్డవాడు కాదు. ఆకాశంలో పోయే గాలిని పట్టి మిద్దె మీదికి దింపాడు. కాని ఆ వెలుగును ఒక్క గడప దాటించడానికి మనిషి చేయి కాలవలసి వచ్చింది. అది చాలక అరుగు నిండా పొగ పెట్టవలసి వచ్చింది.

ఆలూరు వైపు వెళ్లి ఆ దీపం చూడదలచిన వారికి ఒక మాట. వీధిలోంచి చూస్తే ఇల్లు చీకటిగా ఉంటుంది. వెనుదిరగవద్దు. లోపలికి వెళ్లండి, సంగటి పెడితే తినండి.