చివరిగా ఏం తిన్నారు?

మా తమ్ముడికి వాళ్ళ ఆఫీసులో 'చావుకబురు' అని పేరు పెట్టారు. మొహం మీదే పిలిచేవాళ్ళు, వాడూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు. మంచి పళ్ళు వాడివి. మా ఇంట్లో అలాంటి పలువరస ఇంకెవరికీ లేదు.

ఎవరన్నా ప్రమాదంలో పోతే ఆ ఇంటికెళ్ళి, పోయిన మనిషి గురించి పత్రికలో రాయడం వాడి పని. మిగతా విలేకరులు గుమ్మంలోనే "మీకెలా అనిపిస్తోందండీ?" అంటారు కదా, సిగ్గులేకపోతే సరి! వీడు లోపలికెళ్ళి ఓ మూల కూర్చుని, కాసేపు ఊరుకుని, "ఆయన చివరిగా ఏం తిన్నారమ్మా?" అనేవాడు. అంతే. బిగుసుకుపోయి కూర్చున్న ఆడమనిషి కూడా కదిలిపోయేది. ఉప్పు తక్కువైందన్నాడనో, సగం వదిలేసి పరిగెత్తాడనో మొదలుపెట్టి పెళ్ళినాటి సంగతుల దాకా చెప్పుకుపోయేది. వీడు ఒక్క ముక్క రాసుకునేవాడు కాదు. ఆఫీసుకెళ్ళి విన్నది విన్నట్టు దించేవాడు. మర్నాడు అది చదివి, ముక్కూమొహం తెలియనివాళ్ళ కోసం నేను వంటగదిలో నిలబడి ఏడ్చేదాన్ని. "వాడు కామా పెట్టాడంటే ఆ ఇంట్లో ఎవరో నిజంగానే ఆగి ఏడ్చారన్నమాట" అనేవారు వాళ్ళ ఎడిటరు. వాడి రాతను సరిచూసే అలవాటే ఆ ఆఫీసులో పోయింది.

అన్ని ఏడుపులు విన్నవాడికి నిద్రెలా పడుతుంది? చుక్క వేసుకుంటే పడుతుందన్నాడు. ఆ చుక్క సీసా అయింది, రాత్రిది పొద్దుటికొచ్చింది. దుప్పట్ల మడతల్లో సీసా, టాయిలెట్ తొట్టిలో సీసా, ఆఖరికి ఇస్త్రీపెట్టె డబ్బాలో సీసా. మా మరదలు ఏడ్చింది, తిట్టింది, ఆస్పత్రిలో పెట్టి మాన్పించింది. ఇంటికొచ్చి వారం తిరక్కుండా మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంక పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. నేనైతే ఇంకా ముందే పోయేదాన్ని. తోడబుట్టిన పాపానికి వచ్చి వాడి దగ్గరున్నాను. వాడు బతికితే చాలు, నాకింకేమీ అక్కర్లేదు అనుకున్నాను.

ఓ మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే ముందుగదిలో మాటలు వినిపించాయి. "చివరిగా ఏం తిన్నారమ్మా?" అంటున్నాడు. కాసేపు చప్పుడు లేదు. "అలాగా... పాపకని వదిలాడా?" మళ్ళీ చప్పుడు లేదు. ఎవరొచ్చారా అని తొంగిచూశాను. ఎదుటి కుర్చీ ఖాళీ. వీడు మాత్రం దానివైపు వంగి, ఏడ్చే మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

"ఎవరితోరా?" అన్నాను.

"ఉష్! ఆవిడ చెప్తోంది" అన్నాడు.

మర్నాడు పేపర్లో వచ్చింది. ఫలానా పెయింటరు నిచ్చెన మీంచి పడి పోయాడని, ఆ పొద్దున ఉడికించిన గుడ్డు సగం తిని, సగం కూతురికి వదిలాడని. ఎప్పట్లాగే ఎవరూ సరిచూడలేదు. ఆ పెయింటరు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని నిక్షేపంలా ఆఫీసుకొచ్చాడు. "నేను పోయానా? ఎప్పుడు పోయాను?" అని రంకెలు వేశాడట. పత్రిక క్షమాపణ వేసుకుంది. ఎడిటరు మావాడి చేతులు పట్టుకుని మరీ ఉద్యోగంలోంచి పంపించేశారు.

అక్కడితో అయిపోతే తాగుబోతు కూతలనుకుని ఊరుకునేదాన్ని. ఆ నెల తిరక్కుండా పెయింటరు నిచ్చెన మీంచి పడి నిజంగానే పోయాడు. ఆయన భార్య మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తిట్టలేదు, గుమ్మం దాటలేదు.

"సగం గుడ్డు పళ్ళెంలోనే ఉందమ్మా. పాపకని వదిలాడు. అది చూసి నేను కేకేసేలోపే వెళ్ళిపోయాడు" అని, లోపలున్న ఆ కుర్చీ వైపే కాసేపు చూసి వెళ్ళింది. కుర్చీ సంగతి ఆవిడకెవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు.

కుర్చీ బయట పారేస్తానన్నాను. "వద్దక్కా. పారేస్తే నించుని చెప్తారు" అన్నాడు.

ఇంకో మధ్యాహ్నం. ఇల్లు తుడిచి నడుం పట్టేసి, చూసుకోకుండా ఆ కుర్చీలోనే కూలబడ్డాను. వాడు గ్లాసు కింద పెట్టాడు. పరాయివాళ్ళని చూసినట్టు చూశాడు.

"పత్రిక నుంచి వచ్చానండీ" అన్నాడు. చంకనేసుకుని మోసినదాన్ని, నన్ను 'అండీ' అన్నాడు! "మీ తమ్ముడుగారు చివరిగా ఏం తిన్నారమ్మా?"

ఏం చెప్పను? ఏమీ తినలేదంటే పస్తులుండి పోతాడేమో. పొద్దుటి రొట్టె అంటే ఇవాళే ఆఖరు. చెడ్డమాట అనకూడదు, పైన తథాస్తు అనేవాళ్ళుంటారంటారు. ఆ గదిలో పైన కాదు, నా భుజం పక్కనే ఉన్నారనిపించింది. అప్పుడు బుర్ర వెలిగింది.

"జావ, బాబూ" అన్నాను. "పళ్ళన్నీ ఊడిపోయాక నేను చెంచాతో పెడితే తాగాడు."

పళ్ళన్నీ ఊడాలంటే ఎనభై ఏళ్ళు రావాలి, పెట్టడానికి నేనూ ఉండాలి. అదీ నా తెలివి!

"అలాగా" అన్నాడు తల పక్కకి వాల్చి. "తాగి ఏమన్నారు?"

"ఉప్పు సరిపోయిందక్కా అన్నాడు."

వాడు నవ్వాడు. ఆ రోజు నేను కడుపునిండా తిని, హాయిగా కునుకు తీశాను.

కొన్నాళ్ళకి వాడు బాగా తాగొచ్చి మెట్ల మీద బోర్లా పడ్డాడు. ముందుపళ్ళు అక్కడే రాలాయి, దవడ చీముపట్టి మిగతావి డాక్టరు తీసేశాడు. "పళ్ళదేముందమ్మా, లోపల కాలేయమే పోయింది" అన్నాడు. "ఇంటికి తీసుకెళ్ళండి. ఇంత జావ పెట్టండి."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే మరి! జావ చెయ్యనని మొండికేశాను. పాలు పట్టాను, పళ్ళరసం పట్టాను. ఏదీ నిలవలేదు. సాయంత్రానికి, "ఆకలక్కా" అన్నాడు. తాగుడు పట్టాక ఆ మాట వాడి నోట విననే లేదు. అక్కని, ఎలా కాదంటాను?

పొయ్యి దగ్గర ఏడుస్తూనే కాచాను. ఉప్పు మాత్రం వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు. నేనన్నదాంట్లో ఒక్కటైనా తప్పిపోవాలి. చప్పగా ఉందని తిట్టరా నాయనా, గిన్నె విసిరికొట్టరా అనుకుంటూ చెంచా నోటికందించాను.

మింగాడు. తల పక్కకి వాల్చి నా మొహంలోకి చూశాడు.

"ఉప్పు సరిపోయిందక్కా" అన్నాడు.