డాబా మీద ఎత్తిన చేతులు

ఒళ్ళంతా నొప్పులతో నాకు సరిగ్గా నిద్రపట్టి ఏడాది దాటింది. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు కనుక మా ఇంట్లోవాళ్ళకు నా నొప్పీ కనపడదు. కొత్త డాక్టరుగారు మాత్రం రోజూ సాయంత్రం చేతులు బాగా పైకి సాగదీసి పది లెక్కపెట్టమన్నారు. అలా చేస్తే నిద్ర పడుతుందట.

ఇవాళ డాబా మీద, మేరీమాత గుడి ఉన్న గుణదల కొండవైపు తిరిగి అదే చేస్తున్నాను. ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చిన పక్కవాటా మార్తమ్మగారు నన్ను చూసి ఆగిపోయారు.

"మేరీమాతకి మొక్కుకుంటున్నావా అమ్మాయ్? దేనికి?"

"నిద్ర కోసమండీ," అన్నాను. అబద్ధమైతే కాదు.

"మా చిన్నది పోయిన దగ్గర్నుంచీ నాకూ లేదమ్మా. ఇద్దరం అడుగుదాం."

పక్కనే నిలబడి ఆవిడా చేతులెత్తారు. తన సంగతి కాదు, ముందు నాది చెప్పారు. "ఈ పిల్ల మెట్లు ఆగి ఆగి ఎక్కుతుంది, రోజూ చూస్తన్నా. దీని నొప్పి తీసెయ్ తల్లీ," అంటూ ఏడ్చేశారు.

కింద మా ఆయన రేడియోలో వార్తలు మొదలయ్యాయి. పది లెక్క ఎప్పుడో దాటిపోయింది. భుజాలు మండిపోతున్నా ఆవిడ దించేదాకా నేనూ దించలేదు.

రేపూ ఇదే వేళకి వస్తానన్నారు. అది వ్యాయామమని మీరైతే చెప్పగలరా?